పెద్దపేగు హోదా

మా సంస్థలో పేగులు రెండు రకాలు. అధికారి హోదా ఉన్నవారికి ఉండేది పెద్దపేగు. మిగతావాళ్ళందరికీ చిన్నపేగు. ఇది డాక్టర్లు చెప్పిన మాట కాదు, ప్రధాన కార్యాలయం చెప్పిన మాట. కాబట్టి దీని మీద అప్పీలు లేదు.

నా పేరు సుభాషిణి. తాటి ఉత్పత్తుల ప్రగతి సంస్థ జిల్లా ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. తాటిబెల్లం, తేగలు, తాటాకు బుట్టలు ప్రగతి చెందేలా చూడటం మా పని. తాటిచెట్లు మా సాయం లేకుండానే ఎదుగుతున్నాయి గనుక సర్క్యులర్లు చదువుకోవడానికి మాకు బోలెడంత తీరిక.

ఈ పేగుల గొడవ ఒక సిగరెట్టుతో మొదలైంది. మా ఎండీ విశ్వంభర్ గారు ఒక వైద్య సదస్సుకి వెళ్ళారు. అక్కడ మా సంస్థ తాటిబెల్లం స్టాలు పెట్టింది లెండి, అందుకని ముందు వరసలో కుర్చీ వేశారు. వేదిక మీద ఒక శాస్త్రవేత్త పొగతాగడానికీ పెద్దపేగు క్యాన్సర్‌కీ ఉన్న సంబంధం గురించి మాట్లాడుతున్నారు. పొగలోని విషాలను విరిచి బయటికి పంపే పని కొన్ని జన్యువులు చూసుకుంటాయనీ, అవి అందరిలో ఒకేలా ఉండవనీ, అందుచేత ప్రమాదం కూడా మనిషికీ మనిషికీ కాస్త తేడాగా ఉండవచ్చనీ అన్నారట. సరిగ్గా అక్కడ మా ఎండీ గారికి సిగరెట్టు కాల్చుకోవాలనిపించి లేచి బయటికి వెళ్ళిపోయారు. 'అయినా పొగ ఎవరికీ మంచిది కాదు' అన్న తరువాతి వాక్యాన్ని ఆయన ఖాళీ కుర్చీ ఒక్కటే వింది.

ఆ వారంలోనే ఉత్తర్వు వచ్చింది. "ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, ఉద్యోగుల జన్యువులు వేరువేరుగా ఉండగా నిషేధము మాత్రము ఒక్కటిగా ఉండుట సహజ న్యాయసూత్రములకు విరుద్ధము. కావున ఆఫీసులలో 'పొగతాగరాదు' అను నియమమును జన్యుపరముగా హేతుబద్ధీకరించడమైనది."

తెలుగులో చెప్పాలంటే, ఎవరి జన్యువులు గట్టివో వాళ్ళు కాల్చుకోవచ్చు.

ఉమ్మి సేకరణ కార్యక్రమం మా మీటింగు హాల్లో జరిగింది. మా జిల్లా మేనేజరు చిదానందం గారు జ్యోతి వెలిగించి, సభాముఖంగా మొదటి గొట్టంలో ఉమ్మారు. చప్పట్లు కొట్టాం. తరువాత హోదా క్రమంలో ఒక్కొక్కరం వెళ్ళి ఉమ్మి వచ్చాం. చివరికి ఒక గ్రూప్ ఫోటో కూడా తీశారు. అందులో అందరికీ మూతులు తడిగా ఉన్నాయి.

ఫలితాలు మూడు తరగతులుగా వచ్చాయి. 'అభయ' వాళ్ళు ధారాళంగా కాల్చుకోవచ్చు. 'మధ్యమ' వాళ్ళు ఆలోచించుకుని కాల్చుకోవాలి. 'ప్రమాద' వాళ్ళు ఇంట్లో కూడా పొగ ఉన్న వైపు కన్నెత్తి చూడకూడదు. ఎండీ గారికి అభయ వచ్చిందని వేరే చెప్పక్కర్లేదు, అది ఆయన ఉమ్మకముందే వచ్చింది. పాపం, కాలేజీ రోజుల నుంచీ పెట్టెలకు పెట్టెలు ఊదేసే చిదానందం గారికి ప్రమాద వచ్చింది. మా జిల్లా మొత్తానికి అభయ దక్కింది ఇద్దరికే. ఒకరు, జీవితంలో అగ్గిపుల్ల దేవుడి ముందు తప్ప గియ్యని నేను. రెండోవారు దాలినాయుడు గారు.

దాలినాయుడు గారిది నా పక్క సీటు. నన్ను సెల్లెమ్మా అంటారు, నేను అన్నయ్య గారూ అంటాను. ఆయనంత మంచి ఉద్యోగిని నేను చూడలేదు, ఆయనతో వేగినంత కష్టం నేను పడలేదు. ఎందుకంటే ఆర్డరు లేకుండా ఆయన ఏ పనీ చేయరు. ఫ్యాను వేయాలన్నా ఎవరో ఒకరు 'వెయ్యండి' అనాలి. ఆర్డరు వచ్చిందా, ఇక ఆగరు. ఒకప్పుడు ఆయనా సిగరెట్లు బాగా కాల్చేవారు. ఆఫీసులో 'పొగతాగరాదు' బోర్డు పెట్టిన రోజున ఇంట్లో కూడా మానేశారు. బోర్డు ఆఫీసుకే కదా అన్నయ్య గారూ అంటే, "ఆర్డరంటే ఆర్డరే సెల్లెమ్మా, గుమ్మం దాటితే సెల్లదని అందులో రాసినారేటి?" అన్నారు. ఆయన భార్య పారమ్మ గారు ఆనాడు ఆఫీసులో అందరికీ అరిసెలు పంచారు.

అలాంటి మనిషి చేతికి అభయ పత్రం వచ్చింది. ఎండీ గారి సంతకం, గోపురం ముద్ర, చుట్టూ బంగారు రంగు అంచు. దాన్ని ఆయన లామినేషను చేయించి, ఇంట్లో దేవుడి గూట్లో పెట్టి, దండ వేశారు. మర్నాడు సిగరెట్టు పెట్టెతో ఆఫీసుకి వచ్చారు.

"మానేశారు కదా అన్నయ్య గారూ!"

"మానెయ్యమన్నారని మానీసినాను. ఇప్పుడు కాల్చుకోమన్నారు. మనకెందుకొచ్చిన పేచీ సెల్లెమ్మా? మా యమ్మ అడ్డపొగ కాల్చీది. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని సేలో ఊడ్పులూడ్చీది. దానికేటైనాది?" అన్నారు ఆనందంగా.

ఇక మిగిలింది, కాల్చుకోవడానికి ఒక చోటు. పాత సైకిల్ షెడ్డు పడగొట్టి ఏసీ గది కట్టి, 'ధూమ మందిరం' అని బోర్డు రాయమన్నారు. రంగులాయన అలవాటు కొద్దీ 'ధూప మందిరం' అని రాసి వెళ్ళిపోయాడు. మా దగ్గర అక్షరం దిద్దాలంటే టెండరు పిలవాలి కాబట్టి అలాగే ఉంచేశాం.

గది ఉన్నాక వాడకం ఉండాలి. 'సదరు మందిరము అర్హులైన ఉద్యోగులందరిచే సమానముగా వినియోగింపబడుచున్నదని ధ్రువీకరించి పంపవలెను' అని తాఖీదు వచ్చింది. అర్హులం ఇద్దరం. దాలినాయుడు గారు తన వంతు ఊదిపారేస్తున్నారు. నా వంతు సంగతేమిటని చిదానందం గారు నన్ను పిలిచారు.

"నేను కాల్చనండి."

"అమ్మా, అర్హత ఉండి వినియోగించుకోకపోవడం నిధుల దుర్వినియోగం కిందికి వస్తుంది. నాకు చూడు, ఎంత ఆశ ఉన్నా అర్హత లేదు."

మర్నాటి నుంచి నేను ధూమ మందిరంలో ఒక మూల కూర్చుని సాంబ్రాణి వేయడం మొదలుపెట్టాను. ఇంకో మూల దాలినాయుడు గారు. తలుపు బయట, గాలి వాటం చూసుకుని చిదానందం గారు. తలుపు సందులోంచి వచ్చే పొగ కోసం ఆయన ఫైళ్ళన్నీ అక్కడే నిలబడి చూసేవారు. దాంతో ఆఫీసు నిర్ణయాలన్నీ ధూమ మందిరం గుమ్మంలోనే జరగసాగాయి. ఎండీ గారు తనిఖీకి వచ్చినప్పుడు గాలి పీల్చి, "ఇదేం బ్రాండు?" అని అడిగారు.

"సాంబ్రాణి సార్. ధూపం," అన్నాను, ఉద్యోగం పోయిందనుకుంటూ.

"ధూపమూ ధూమజాతికి చెందినదే సార్, బోర్డు మీద కూడా అలాగే ఉంది," అన్నారు చిదానందం గారు.

ఎండీ గారు కాసేపు కళ్ళు మూసుకున్నారు. "స్వదేశీ ధూమం! అన్ని జిల్లాలకూ విస్తరించండి," అన్నారు.

ఇంతవరకూ నవ్వుకుంటూనే ఉన్నాం. తరువాత పెద్దపేగు వచ్చింది.

ముందుజాగ్రత్తగా ఉద్యోగులకు పెద్దపేగు పరీక్ష చేయించాలని ప్రధాన కార్యాలయం ఉత్తర్వు తయారుచేసింది. దానిమీద లెక్కల విభాగం వారు ఒక సందేహం లేవదీశారు. 'పెద్దపేగు అన్నారు. పెద్ద అనగా ఏ హోదా నుంచి?' చాలా సహేతుకమైన ప్రశ్న. ఫైలు మూడు అంతస్తులు ఎక్కి దిగి, స్పష్టీకరణ వచ్చింది. 'పెద్ద అనగా జిల్లా మేనేజరు మరియు ఆపై హోదా. అట్టివారు తరగతితో నిమిత్తము లేకుండా విధిగా పరీక్ష చేయించుకొనవలెను. అంతకు దిగువ ఉద్యోగులది చిన్నపేగుగా పరిగణించవలెను. చిన్నపేగుకు ఈ పథకము వర్తించదు.'

చిదానందం గారు వెంటనే వెళ్ళి పరీక్ష చేయించుకుని వచ్చారు. తన పేగు తెర మీద ఎంత పెద్దగా కనబడిందో మాకు చేతులు చాచి చూపించారు. మేం మా చిన్నపేగులతో చూస్తూ నిలబడ్డాం.

ఒకరోజు మధ్యాహ్నం దాలినాయుడు గారు క్యారేజీ విప్పి, మళ్ళీ మూత పెట్టేశారు. అప్పుడు చూశాను ఆయన్ని. రోజూ చూస్తూనే ఉన్నాను గానీ అప్పుడే చూశాను. బెల్టుకి మేకుతో కొత్త బెజ్జాలు పొడుచుకున్నారు. చొక్కా కాలరు మెడకి దూరంగా వేలాడుతోంది.

"ఏమైంది అన్నయ్య గారూ?"

ఆయన అటూ ఇటూ చూశారు. "ఎవలికీ సెప్పీకు సెల్లెమ్మా. దొడ్డికెళ్తే రత్తం పడతన్నాది. వానలు పడ్డకాడ్నించీ."

"డాక్టరుకి చూపించుకున్నారా?"

"మొలలై ఉంటాయిలే. నాకు పెద్ద జబ్బెలా వస్తాది? అభయమిచ్చీసినారు కదా," అని నవ్వబోయారు. మా మావగారు ఇలాగే మొలలు, మొలలు అంటూనే వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం పారమ్మ గారు ఫోను చేశారు. "అమ్మా, నాను మొత్తుకున్నాను, ఏడిసినాను, ఆసుపత్రికి రానంటన్నాడు. ఆర్డరేదీ అంటన్నాడు. ఈ మడిసి నాకు దక్కీలాగ లేడమ్మా!"

నేను తీసుకెళ్తానన్నా ఆయన కదల్లేదు. "అభయమని సర్కారోరు రాసిచ్చినాక నాను పరీచ్చకెళ్తే, ఆ రాత మీద అనుమానపడినట్టు కాదేటి?" అన్నారు. అసలు సంగతి నాకు తెలుసు. ఆయనకి భయం. ఆర్డరు ఉంటే ఆ భయాన్ని మోసుకుని వెళ్తారు, లేకపోతే వెళ్ళరు.

చిదానందం గారి దగ్గరికి వెళ్ళి, పరీక్షకి ఆర్డరు ఇమ్మని బతిమాలాను.

"చూడమ్మా," అన్నారు ఆయన, ఫైలు పక్కకి జరిపి. "మొదటి అభ్యంతరం, అభయ ఉద్యోగికి ఆ వ్యాధి సోకుటకు నిబంధనలలో ఆస్కారం లేదు. రెండవది, ఆయనకి పెద్దపేగే లేదు. లేని అవయవానికి నేను ఉత్తర్వు ఎలా ఇస్తాను? రేపు ఆడిట్ వాళ్ళకి ఏం చెప్పను?"

నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. ఒక మనిషి మా కళ్ళముందు కరిగిపోతుంటే ఈయన ఆడిట్ గురించి మాట్లాడుతున్నారు. బల్ల మీది పేపర్ వెయిట్ తీసి కొడదామనుకున్నాను, నిజంగానే. కానీ అంతలో ఆయన చెయ్యి జేబు దగ్గరికి వెళ్ళి, ఖాళీ జేబు తడుముకుని తిరిగి రావడం చూశాను. దాంతో నాకు దారి కనబడింది.

"సార్, మీరు సెలవు పెట్టి ఎన్నాళ్ళయింది?"

"ఎందుకు?"

"సెలవులో ఉన్నవారికి ఆఫీసు నిబంధనలు వర్తించవు కదా. ఇంట్లో, వరండాలో, వాలుకుర్చీలో..." అని అగ్గిపుల్ల గీస్తున్నట్టు వేళ్ళు ఆడించాను.

అలా ఆశ పెట్టడం పాపమే. కానీ నాకు ఆ క్షణంలో ఒక్క ప్రాణమే కనబడుతోంది. చిదానందం గారి కళ్ళు తడిశాయి. అరగంటలో సెలవు చీటీ, దాంతో పాటు నేను రాసిచ్చిన ఉత్తర్వు మీద సంతకం, రెండూ అయిపోయాయి. 'నా సెలవు కాలములో శ్రీ దాలినాయుడు ఇన్‌ఛార్జి జిల్లా మేనేజరుగా వ్యవహరింతురు. ఆ హోదాకు చెందిన సమస్తమూ వారికి సంక్రమించును.'

సమస్తమూ. ఆ మాట నేను కావాలనే వేశాను.

మర్నాడు పొద్దున్న దాలినాయుడు గారు మేనేజరు కుర్చీలో అంచు మీద కూర్చున్నారు. వెళ్ళి స్పష్టీకరణ ఉత్తర్వు ఆయన ముందు పెట్టాను. "అన్నయ్య గారూ, జిల్లా మేనేజరు విధిగా పరీక్ష చేయించుకోవాలి. తరగతితో నిమిత్తం లేదు. ఇది ఆర్డరు."

ఆయన రెండుసార్లు చదివారు. "అయితే నాది ఇప్పుడు పెద్దపేగైపోనాదా?"

"నిన్న సాయంత్రం నుంచి."

"మరి దీనికి మేనేజరు గోరి అనుమతుండాల కదా."

"మీరే కదా మేనేజరు!"

అదీ నిజమే అనుకుని, సీనియర్ అసిస్టెంటు దాలినాయుడు నుంచి ఇన్‌ఛార్జి మేనేజరు దాలినాయుడికి అర్జీ రాసుకున్నారు. దాని మీద, మేనేజర్లు ఏ ఫైలు మీదైనా రాసినట్టే, ఆకుపచ్చ సిరాతో 'నాతో మాట్లాడండి' అని రాశారు. రాసి, తల పట్టుకున్నారు. "నాతో నానేటి మాటాడుకుంటాను సెల్లెమ్మా?"

"ఒప్పుకోమని చెప్పండి," అన్నాను. ఆయన కాసేపు కిటికీ వైపు చూసి, పెదాలు కదిపి, 'ఆమోదించడమైనది' అని సంతకం చేశారు.

పెద్దాసుపత్రిలో డాక్టర్ రెహానా గారు పరీక్ష చేసి, పేగులో పెరిగిన కంతి లోంచి ముక్క తీసి పంపారు. అది క్యాన్సరే అని తేలింది. ఇంకా పేగు గోడ దాటలేదనీ, ఆ భాగం కోసి తీసేస్తే మనిషి దక్కుతాడనీ, వానాకాలం నుంచి ఆగినట్టే ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే ఈ మాట చెప్పలేకపోయేదాన్ననీ అన్నారు. పారమ్మ గారు నా చెయ్యి పట్టుకున్నారు. ఆ పట్టుకి నా గాజులు చిట్లిపోయాయి.

దాలినాయుడు గారు మాత్రం సంచీలోంచి లామినేషను చేసిన పత్రం తీశారు. "ఇందులో ఏదో పొరపాటు జరిగినాది డాట్రమ్మా. నాను అభయ."

డాక్టరు గారు దాన్ని అటూ ఇటూ తిప్పారు. వెనకవైపు సన్న అక్షరాల్లో పరీక్ష కేంద్రం వాళ్ళ మాట ఉంది. దేవుడి గూట్లో దండ కింద ఉన్న కాగితాన్ని ఎవరు తిప్పి చూస్తారు?

"'ప్రమాదం కొంత తక్కువగా ఉండవచ్చు' అని రాశారండీ. కొంత, ఉండవచ్చు. తక్కువ అంటే లేదని కాదు. ఇది ఒక్క జన్యువు సంగతి. మిగతావాటి సంగతి ఎవరు చూశారు? మీ ఊపిరితిత్తులు, గుండె సంగతి ఎవరు చూశారు? పొగ అందరికీ చెడ్డదే. కొందరికి ఇంకాస్త చెడ్డది, అంతే. మీ ఎండీ గారికి కూడా చెప్పండి," అన్నారు. పత్రం తిరిగి ఇస్తూ, "మీ పేగుకి ఎండీ గారి సంతకం చదవడం రాదండీ," అన్నారు.

దాలినాయుడు గారు మొదటిసారి నా ముందు ఏడ్చారు. "రాసిచ్చినారు కదా సెల్లెమ్మా," అని ఒక్కమాటే అంటూ చాలాసేపు ఏడ్చారు.

ఆపరేషను బాగా జరిగింది. చిదానందం గారు సెలవు ముగించుకుని తన కుర్చీలోకి వచ్చేశారు. దాలినాయుడు గారు కళ్ళు తెరిచి జావ తాగుతున్న రోజుల్లో ప్రధాన కార్యాలయం నుంచి మెమో వచ్చింది. 'ఇన్‌ఛార్జి బాధ్యతలు తిరిగి అప్పగించిన పిమ్మట కూడా హోదాకు చెందిన పెద్దపేగును తమ వద్దనే ఉంచుకొని, అందులో కొంత భాగమును ముందస్తు అనుమతి లేకుండా తీయించివేసినందులకు తమపై ఏల చర్య తీసుకొనరాదో సంజాయిషీ ఇవ్వవలెను.'

మంచం మీద నుంచే ఆయన జవాబు చెప్పారు, నేను రాశాను. చెప్పేటప్పుడు ఆయన ముఖంలో నవ్వు లేదు. 'తీసిన భాగము ఆసుపత్రి వారి వద్ద సీసాలో భద్రముగా ఉన్నది. మిగిలిన భాగము నా వద్ద సక్రమముగా పనిచేయుచున్నది. ఏ భాగమును ఎవరికి అప్పగించవలెనో తెలియజేసిన యెడల తగు రశీదు తీసుకొని అప్పగింతును.'

ప్రధాన కార్యాలయం చాలా ఆలోచించింది. సీసాలోని భాగాన్ని శిథిల వస్తువుగా గుర్తించి లెక్కల్లోంచి తీసేశారు. మిగతా భాగాన్ని ఆయన జీవితకాలం వాడుకోవడానికి ప్రత్యేక కేసుగా అనుమతించారు.

కానీ అసలు చిక్కు అది కాదు. అభయ ఉద్యోగికి క్యాన్సర్ వచ్చిందంటే పథకం తప్పని ఒప్పుకోవాలి. దానికి కూడా విరుగుడు దొరికింది. దాలినాయుడు గారు ఆఫీసుకి తిరిగి వచ్చిన రోజున ఇంకో బంగారు అంచు పత్రం వచ్చింది. 'తమకు వ్యాధి సోకినందున తమ జన్యువులను పూర్వకాలము నుంచి వర్తించునట్లుగా ప్రమాద తరగతికి మార్చడమైనది. తమకు ఇదివరలో అభయ ఎన్నడూ లేనట్లు భావించవలెను.' కింద ఎండీ గారి చేతిరాతతో మరో వాక్యం ఉంది. 'దీనితో అభయ ఉద్యోగులలో వ్యాధి శూన్యమని మరొకసారి రుజువైనది.'

ఆ కాగితం ముందు నేనే చదివాను. అంటే ఇంకో జిల్లాలో ఇంకో అభయ మనిషి రేపు మంచాన పడితే, ఆయనకీ ఇలాగే కాగితం పంపుతారు. పథకం ఎప్పటికీ ఓడిపోదు. ఈ కాగితం చింపేద్దామా అని దాలినాయుడు గారి వైపు చూశాను.

ఆయన దాన్ని నా చేతిలోంచి నెమ్మదిగా తీసుకున్నారు. వేలు పెట్టి ఒక్కో ముక్కా చదివారు. చివరి పేరా దగ్గర వేలు ఆగింది. 'ప్రమాద తరగతి ఉద్యోగులు పొగతాగుట, పొగ ఉన్న చోట నిలుచుట పూర్తిగా నిషేధము.'

ఆయన జేబులోంచి సగం నిండిన సిగరెట్టు పెట్టె తీశారు. ఇంత జరిగినా అది ఇంకా జేబులోనే ఉందని నాకు అప్పుడే తెలిసింది. దాన్ని నా బల్ల కింద చెత్తబుట్టలో పడేసి, చేతులు దులుపుకున్నారు.

"ఇప్పుడు ఆర్డరొచ్చీసింది సెల్లెమ్మా," అన్నారు, పెద్ద బరువేదో దిగిపోయినట్టు.

ఆ ఆదివారం వాళ్ళింటికి భోజనానికి వెళ్ళాను. పారమ్మ గారు నన్ను దేవుడి గూటి దగ్గరికి తీసుకెళ్ళి చూపించారు. ప్రమాద పత్రాన్ని లామినేషను చేయించి అక్కడ పెట్టారు. పాత దండ తీసేసి, దానికి కొత్త దండ వేశారు. ఆవిడ దాని ముందు రెండు చేతులూ జోడించి, నన్ను కూడా దండం పెట్టుకోమన్నారు. నేనూ పెట్టుకున్నాను.